బారెల్ కాక్టస్‌కు తూకం చూసి నీళ్లు: ఏడాది డైరీ

కాక్టస్‌కు నీళ్లెప్పుడు పోయాలని అడిగితే అందరూ రోజుల లెక్కే చెబుతారు. వారానికోసారి అని ఒకరు, పదిహేను రోజులకని ఇంకొకరు, నెలకో గుక్కెడు చాలని మరొకరు. కుండీ మట్టిదా ప్లాస్టిక్‌దా, అందులో ఏ మిశ్రమం ఉంది, ఎండ ఎన్ని గంటలు తగులుతుంది అని తిరిగి అడిగేవారు తక్కువ. క్యాలెండరును పక్కన పెట్టి, కుండీ బరువు చూసి నీళ్లు పోస్తే ఎలా ఉంటుందో ఏడాది పాటు రాసి చూడాలనుకున్నాను. సరంజామా పెద్దగా లేదు: గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు, ఒక నోటుపుస్తకం, ఒక గోల్డెన్ బారెల్ (పీపాలా గుండ్రంగా పెరిగే కాక్టస్) మొక్క, అదే జాతి విత్తనాలు చల్లడానికి ఒక చిన్న తొట్టి.

మొక్క వచ్చిన వారం

అడ్డుకొలత 12 సెంటీమీటర్లు. ఒంటి మీద నిలువు గట్లు 17. గట్టు వెన్ను మీద వరుసగా నూగు మచ్చలు. ఒక్కో మచ్చలో నడుమ నాలుగు బలమైన ముళ్లు, చుట్టూ ఎనిమిదో తొమ్మిదో సన్నవి. ఈ నూగు మచ్చను ఏరియోల్ అంటారు. కాక్టస్ కుటుంబానికి ఆనవాలు ఇదే. ముల్లు వచ్చినా పువ్వు వచ్చినా అక్కడి నుంచే రావాలి.

కుండీ చీటీ మీద రెండు పేర్లూ రాసుకున్నాను: ఎకైనోకాక్టస్ గ్రుసోనియై, క్రోన్‌లైనియా గ్రుసోనియై. మొదటిది పాతది, 2014లో దీన్ని వేరే ప్రజాతిగా విడదీసి రెండో పేరు పెట్టారు. విత్తనాలు అమ్మేవారు ఇప్పటికీ పాత పేరే వాడుతున్నారు కాబట్టి రెండూ ఉండడం మంచిది. చివరి భాగం మాత్రం మారలేదు. అది హెర్మన్ గ్రూసన్ అనే జర్మన్ పారిశ్రామికవేత్త జ్ఞాపకం. మాగ్డెబర్గ్‌లో ఆయన పెంచిన కాక్టస్ సంపద 19వ శతాబ్దంలో పేరుమోసింది.

దీని సొంత గడ్డ మధ్య మెక్సికో. కెరెటారో, ఇడాల్గో రాష్ట్రాల సరిహద్దులోని లోయల్లో, మట్టి పిడికెడు కూడా నిలవని రాతి వాలుల మీద పెరుగుతుంది. 1990లలో సిమపాన్ ఆనకట్ట కట్టినప్పుడు ఆ లోయల్లో చాలా భాగం నీట మునిగింది. నర్సరీల్లో విత్తనం నుంచి లెక్కలేనన్ని పుడుతున్నా, అడవిలో మాత్రం ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో ఉంది. మిశ్రమం కలిపేటప్పుడు నా కళ్లముందు పెట్టుకున్నది ఆ రాతి వాలునే.

కుండీ విప్పిన రోజు

అమ్మినవాళ్లు పైన రంగురాళ్లు పరిచి జిగురుతో అంటించారు. ఈ పని ఎవరు మొదలుపెట్టారో గానీ, మొక్కకు ఇంతకంటే అపకారం చేయడం కష్టం. పైనుంచి నీళ్లు పోస్తే రాళ్ల పలక మీద నిలిచి అంచుల వెంట జారిపోతాయి. లోపలి తేమ ఆరడానికి దారి ఉండదు. పలకను పట్టకారుతో ముక్కలు ముక్కలుగా ఊడదీశాను. దాని కింద నల్లటి పీట్ (కుళ్లిన నాచు మట్టి) ముద్ద, ఎండి చెక్కలా గట్టిపడి ఉంది. ఎండిన పీట్ నీటిని పీల్చుకోదు, తోసేస్తుంది. అది నానడానికీ చాలా సేపు పడుతుంది, నానాక ఆరడానికీ చాలా సేపు పడుతుంది. కాక్టస్ వేర్లకు ఈ రెండు స్థితులూ పడవు.

మొక్కను పట్టుకోవడానికి తోలు చేతితొడుగులు పనికిరావు. ముల్లు వాటిలోంచి దూసుకొస్తుంది. గుడ్డ అయితే ముళ్లకు చిక్కుకుని విరుస్తుంది. వార్తాపత్రికను పొడవుగా నాలుగైదు మడతలు పెట్టి పట్టీలా చేసి, మొక్క నడుము చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిపి పిడిలా పట్టుకుంటే చాలు. ఇంకా బరువైన మొక్కకు పాత తువ్వాలు లోపల, పత్రిక బయట వేయవచ్చు.

పీట్‌ను పుల్లతో కొద్దికొద్దిగా రాల్చాను. వేర్ల గుత్తి నడుమ నర్సరీ వాళ్ల వల తొడుగు ఒకటి అలాగే ఉండిపోయింది. దాన్ని కత్తిరించి తీశాక గానీ వేర్లు విడిపోలేదు. ఎండిన వేర్లు, విరిగినవి కత్తిరించాను. మంచి వేరు లేత గోధుమ రంగులో, వంచితే వంగుతుంది; చచ్చిన వేరు నలిపితే పై పొర ఊడి లోపల దారం మిగులుతుంది. శుభ్రం చేసిన మొక్క తూకం 905 గ్రాములు.

నీడలో ఆరబెట్టిన వారం

తెగిన వేర్లు మానేదాకా తడి తగలకూడదు. తడి మట్టిలో వెంటనే నాటితే గాయాల గుండా కుళ్లు లోపలికి పోతుంది. అందుకని మొక్కను ఖాళీ కుండీ మూతి మీద కూర్చోబెట్టి, గాలి తగిలే నీడలో వదిలాను. ఊరికే ఉంచడం ఎందుకని పొద్దున, సాయంత్రం తూచాను.

పొద్దుటి నుంచి సాయంత్రానికి తేడా దాదాపు లేదు. రాత్రి దాటి తెల్లవారేసరికి మాత్రం గ్రామో రెండు గ్రాములో తగ్గేది. తెగిన వేర్ల నుంచి కూడా కొంత తేమ పోతుంది కాబట్టి దీన్ని పక్కా ప్రయోగం అనలేను. కానీ కాక్టస్ గురించి తెలిసినదానికి ఇది సరిపోతోంది. మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరుస్తాయి. ఇది రాత్రి తెరుస్తుంది. చల్లటి వేళ కార్బన్ డయాక్సైడును పీల్చి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. తెల్లవారాక తలుపులు మూసుకుని, ఆ నిల్వను ఎండ సాయంతో చక్కెరగా మార్చుకుంటుంది. నీరు ఆవిరయ్యే వేళ రంధ్రాలు మూసి ఉంటాయి గనుక నష్టం తక్కువ. వారంలో పోయింది పది గ్రాముల పైచిలుకు, అంతే. మట్టి, నీరు రెండూ లేకుండా వారం రోజులకు ఒంట్లో నూటికి ఒక పాలు పోగొట్టుకుందన్నమాట.

మిశ్రమం

కొలత గిన్నె లెక్కన: రెండు పాళ్లు 3 నుంచి 6 మిల్లీమీటర్ల ఇటుక నలుగు, ఒక పాలు కడిగిన ముతక ఇసుక, ఒక పాలు జల్లించిన కంపోస్టు. ప్యూమిస్ (రంధ్రాలున్న తేలికపాటి అగ్నిపర్వత రాయి) దొరికితే ఇటుక బదులు అదే వేయవచ్చు. నీటిని రంధ్రాల్లో పట్టి మెల్లగా వదలడంలో అది ఇంకా మేలు. ఇటుకను దంచిన తర్వాత జల్లెడ పట్టి పొడి మొత్తం తీసేయాలి. ఈ పనిలో బద్ధకిస్తే మిగతా కష్టమంతా వృథా. పొడి, సన్న ఇసుక గింజల మధ్య ఖాళీల్లోకి దిగి గాలికి చోటు లేకుండా చేస్తాయి. "కాక్టస్ ఎడారి మొక్క కదా, ఇసుకలో పెట్టు" అనే సలహా అందుకే ప్రమాదం. సన్న ఇసుక తడిస్తే సిమెంటుకు తమ్ముడు.

ఇంకో సలహా కూడా పరీక్షించాను. నీరు బాగా దిగాలంటే కుండీ అడుగున గులకరాళ్లు పరచమంటారు. రెండు ఒకేలాంటి ప్లాస్టిక్ కుండీలు తీసుకుని, ఒకదాన్ని నిండా మిశ్రమంతో, రెండోదాన్ని అడుగున మూడో వంతు రాళ్లు వేసి పైన మిశ్రమంతో నింపాను. ఇక్కడ మాత్రం తేడా తెలియాలని పీట్ ఎక్కువున్న పాత మిశ్రమం వాడాను. రెండింటినీ నానబెట్టి, కారడం ఆగాక తూచి, పొడి బరువు తీసేశాను. రాళ్లున్న కుండీలో మిశ్రమం తక్కువ. అయినా ఆ తక్కువ మిశ్రమం తన పాలికి మించి నీటిని పట్టి ఉంచింది. సన్న రేణువుల పొర అడుగున నీరు ఎప్పుడూ కొంత ఎత్తు దాకా నిలుస్తుంది. కింద పెద్ద రాళ్లుంటే నీరు అందులోకి సులువుగా దూకదు. తడి పొర రాళ్ల మీదికి, అంటే వేర్ల దగ్గరికి, జరుగుతుంది. రాళ్లు అడుగున కాదు, మిశ్రమంలోనే కలవాలి.

కుండీ 16 సెంటీమీటర్ల మట్టిది, ఒకటే పెద్ద చిల్లు. చిల్లు మీద వల ముక్క ఒకటి. నాటాక, పూర్తి పొడిగా ఉన్నప్పుడు తూకం 3,010 గ్రాములు. నోటుపుస్తకం మొదటి పేజీలో ఈ అంకె చుట్టూ పెద్ద సున్నా చుట్టాను.

మొదటి తడి

నాటిన వారానికి కుండీని టబ్బులో సగం మునిగేలా ఉంచి, పైన తేమ కనబడ్డాక తీసి కారబెట్టాను. 3,300. లోపలికి పోయినవి 290 గ్రాముల నీళ్లు. మొదటి రెండు మూడు రోజులు రోజుకు 40 గ్రాముల పైన తగ్గింది. మట్టి కుండీ గోడ కూడా ఆవిరి వదులుతుంది కదా. తర్వాత ముప్పై, ఇరవై, పది. పది రోజులు దాటాక మూడు నాలుగు గ్రాముల దగ్గర నడక నెమ్మదించింది.

అనుకున్న ప్రకారం 3,010కి చేరాక రెండో తడి ఇవ్వాలి. కానీ తూకం 3,075 దగ్గర ఆగి, ఇక దిగలేదు. కింది చిల్లులోంచి పుల్ల గుచ్చి చూస్తే పొడి. మిగిలిన 65 గ్రాములు మిశ్రమంలో లేవు, మొక్కలోకి చేరాయి. అప్పుడు దగ్గరగా చూశాను. నాటిన రోజున గట్లు ఒకదానికొకటి ఒరిగి, మధ్య చాళ్లు లోతుగా, ఇరుగ్గా ఉన్నాయి. ఇప్పుడు హార్మోనియం తిత్తి తెరుచుకున్నట్టు చాళ్లు విప్పారాయి. ఎదురెదురు ఏరియోల్స్ మధ్య ఇదివరకు అగ్గిపుల్ల మందం సందు ఉన్న చోట ఇప్పుడు చిటికెన వేలి కొస పడుతోంది. తోలు సాగకుండా ఒళ్లు ఉబ్బడానికి, చిరగకుండా కుంచించుకోవడానికి ఈ గట్ల ఏర్పాటు. లోపల నీరు ద్రవంగా ఏమీ ఉండదు. జిగురు కండరంలా ఉండే కణజాలంలో ఇంకి ఉంటుంది. ఎడారిలో దాహం వేస్తే బారెల్ కాక్టస్ కోసుకుని తాగవచ్చన్న కథలు నమ్మి ఎవరైనా కోస్తే, దక్కేది చేదు గుజ్జు, దాని వెంట వాంతులు.

ఆ రోజు నుంచి 3,010 అనే అంకెను వదిలేశాను. మొక్క పెరిగేకొద్దీ ఆ అంకె ఎలాగూ మారుతుంది. చూడవలసింది బరువు కాదు, బరువు తగ్గే వేగం. రోజుకు ఐదు గ్రాముల లోపు తగ్గుతూ మూడు నాలుగు రోజులు గడిస్తే మిశ్రమం ఎండినట్టు. అప్పుడు నిండుగా ఒక తడి. గుక్కెడు నీళ్లు ఎప్పుడూ పోయను. ఈ వేర్లు లోతుకు పోవు, పైపైనే వెడల్పుగా పాకుతాయి. కుండీలో ఒక మూల తడిపి మిగతా మూడు మూలలు ఎండబెడితే ఆ మేర వేర్లు చస్తాయి.

ఎండ

నర్సరీ నీడలో పెరిగిన మొక్కను నేరుగా మండుటెండలో పెడితే పడమటి ముఖం మీద పాలిపోయిన మచ్చ పడుతుంది. ఆ మచ్చ తర్వాత గోధుమ రంగు బెరడుగా మారి జీవితాంతం ఉంటుంది. అందుకని మొదట పొద్దుటి ఎండ, ఆపైన వారం వారం ఒక గంట చొప్పున ఎక్కువ. మధ్యాహ్నానికి నీడ వల. నెల దాటాక వల తీసేశాను.

ఎండ తక్కువైతే జరిగేది ఇంతకంటే అనాకారి. నడినెత్తి సన్నగా, పాలిపోయి పైకి సాగుతుంది. గుండ్రటి మొక్కకు మొన వస్తుంది. ఆ ఆకారం తర్వాత ఎంత ఎండ తగిలినా సరికాదు.

కుండీని పక్షానికోసారి పావు వంతు తిప్పుతున్నాను. ఉత్తర అమెరికా ఎడారుల్లోని ఫెరోకాక్టస్ విస్లిజెనై అనే బారెల్ పెద్దదయ్యేకొద్దీ దక్షిణానికి ఒరుగుతుంది. ఎండ పడే వైపు పెరుగుదల మందగించడమే దానికి చెప్పే కారణం. కుండీలోని గోల్డెన్ బారెల్‌కు అంత వాలు రాకపోయినా, కిటికీ పక్కన పెట్టినవాటికి ఇలా తిప్పడం తప్పనిసరి.

విత్తనాల తొట్టి

గింజ ఆవగింజలో సగం, నిగనిగలాడే ముదురు గోధుమ రంగు. అదే మిశ్రమాన్ని ఇంకా సన్నగా జల్లించి, మరిగే నీళ్లు పోసి చల్లార్చి, పైన గింజలు చల్లాను. కప్పలేదు; వెలుతురు తగలాలి. తొట్టిని పారదర్శకమైన సంచిలో కట్టి, నేరుగా ఎండ పడని వెచ్చటి చోట ఉంచాను. 25 డిగ్రీల చుట్టూ ఉంటే చాలు.

వారం దాటాక ఒక్కొక్కటే పగిలాయి. మొలకలో కాక్టస్ పోలిక వెతకడం దండగ. ఆకుపచ్చ పూస, పైన రెండు చిన్న బుడిపెలు, అవే బీజదళాలు. ఆ రెండింటి నడుమ నుంచి వెంట్రుకల్లాంటి తెల్లటి ముళ్లు కొన్ని, భూతద్దంలో చూస్తే గానీ తెలియవు. గట్లు అసలే లేవు. చిన్నప్పుడు ఒళ్లంతా విడివిడి బుడిపెలే. అవి వరుసలై కలిసి గట్లు కావడానికి ఏళ్లు పడుతుంది.

సంచి ముడి విప్పడంలో తొందర, ఆలస్యం రెండూ పనికిరావు. గాలి ఆడకపోతే పాచి పడుతుంది, నారుకుళ్లు తగులుతుంది. ఒక మూల మొలకలు మెడ దగ్గర నీరుగారి పడిపోవడం చూశాక ఆ మూలను చెంచాతో మట్టితో సహా తీసేసి, సంచికి రోజుకొక చిల్లు పెట్టుకుంటూ పోయాను. మిగిలినవి నిలిచాయి. పెద్ద మొక్కకు వర్తించే "ఎండాకే తడి" నియమం వీటికి చెల్లదు. పూస సైజు ఒంట్లో నిల్వ ఎంతని? మొదటి ఏడాది మిశ్రమం పూర్తిగా ఎండనివ్వకూడదు.

వానలు

మబ్బు పట్టిన వారాల్లో తూకం త్వరగా దిగదు. ఎండాకాలంలో పదకొండో రోజుకో పన్నెండో రోజుకో ఎండిన అదే కుండీ, ఇప్పుడు నెల గడిచినా రోజుకు ఎనిమిది గ్రాములు వదులుతూనే ఉంది. రోజుల లెక్క నమ్ముకున్నవారి కాక్టస్‌లు ఎక్కువగా చచ్చేది ఈ కాలంలోనే. చూరు కిందికి జరిపాను. ఎండిన రోజు చూసి ఇచ్చిన తడికి మాత్రం వాననీళ్లే వాడాను. బోరునీటిలోని సున్నం మొక్క మొదలు దగ్గర, కుండీ అంచున తెల్లటి పూతగా పేరుకుంటుంది, మిశ్రమాన్ని క్షారగుణం వైపు లాగుతుంది. వాననీటికి ఆ బెడద లేదు.

నెత్తి మీద తెల్లటిది

నడినెత్తిన ఎలాగూ లేత పసుపు నూగు ఉంటుంది. లేత ఎదుగుదలను ఎండ నుంచి, చలి నుంచి కాచేది అదే. అందులో పిండినల్లి దాక్కుంటే గుర్తుపట్టడం కష్టం. నాకు మొదట చీమలు కనబడ్డాయి. ఆ పురుగు వదిలే తీపి జిగురు ఉంటే తప్ప చీమలకు ముళ్ల గుట్ట ఎక్కే అవసరం లేదు. పళ్లపుల్లతో నూగును అక్కడక్కడ కదిపాను. నూగు అయితే పుల్లకు చిక్కి పీచులా సాగుతుంది. ఒక చోట మాత్రం ముద్దగా నలిగి, పుల్ల కొసకు నారింజ రంగు మరక అంటింది. పిండినల్లే. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన సన్న కుంచెతో సాయంత్రం పూట తడిపాను. ఎండలో ఆ పని చేస్తే తోలు కాలుతుంది. గుడ్లు పొదిగే వ్యవధిని బట్టి వారం వారం మళ్లీ మళ్లీ చేయాలి, ఒక్కసారితో పోయే పురుగు కాదు. కుండీ ఎత్తి చిల్లు దగ్గర కూడా చూశాను. వేర్లను పట్టే పిండినల్లి వేరే ఉంది, అది మిశ్రమంలో తెల్లటి బూజులా కనిపిస్తుంది. ఇక్కడ లేదు.

చలి

రాత్రులు చల్లబడ్డాక ఎదుగుదల ఆగిపోయింది. ఎరువు అంతకు ముందే మానేశాను. ఎదిగే కాలంలో వేసింది కూడా నత్రజని తక్కువ ఉన్నది, డబ్బా మీది మోతాదులో సగం. నత్రజని ఎక్కువైతే ఒళ్లు త్వరగా ఉబ్బి, తోలు పలచబడి, చీలుతుంది.

చలికాలంలో తడి దాదాపు లేనట్టే. బరువు చాలా మెల్లగా దిగుతూ వచ్చింది, చాళ్లు మళ్లీ ఇరుకయ్యాయి. చూడ్డానికి జాలిగా ఉంటుంది గానీ, చలిని తట్టుకోవడానికి కావలసింది ఈ ఎండు ఒళ్లే. పొడిగా ఉన్న పెద్ద మొక్క సున్నా కంటే కొన్ని డిగ్రీల కిందికి కూడా కొద్ది సేపు ఓర్చుకుంటుంది. అదే తడి మిశ్రమంలో పది డిగ్రీల దగ్గరే వేర్లు కుళ్లడం మొదలవుతుంది. మొక్క మొదలు దగ్గర, నేలను ఆనుకున్న తోలు గోధుమ రంగుకు తిరిగి గట్టిపడింది. వేలితో నొక్కితే చెక్కలా ఉంటే అది వయసు; మెత్తగా లోపలికి పోతే కుళ్లు. ఇది చెక్క.

ఎండలు తిరిగొచ్చాక

నిరుడు ఎండాకాలం మొదట్లో, నడినెత్తికి దగ్గరగా ఉన్న ఏరియోల్ ముల్లుకు ఎర్ర దారం కట్టి ఉంచాను. ఇప్పుడు దానికి పైన మూడు కొత్త ఏరియోల్స్ ఉన్నాయి. కొత్త ముళ్లు నూగులోంచి తేనె రంగులో, కొస తప్ప మిగతాదంతా మెత్తగా వస్తాయి. వెలుతురుకు ఎదురుగా పెడితే అవతలి పక్క కనిపిస్తుంది. రెండు పాత గట్ల మధ్య నెత్తి దగ్గర పద్దెనిమిదో గట్టు మొదలైంది. అడ్డుకొలత 13.6 సెంటీమీటర్లు. పూర్తిగా ఎండిన కుండీ తూకం 3,390. పెరిగిందంతా మొక్కే అనుకుంటే ఏడాదిలో 380 గ్రాములు.

పూల గురించి అడిగేవారికి: అడుగు వెడల్పు దాటాలి, నిండు ఎండ ఉండాలి, పదిహేను ఇరవై ఏళ్లు పట్టవచ్చు. నెత్తి నూగు చుట్టూ పసుపు పూలు వలయంలా వస్తాయి. ఇంత మొక్క మీద ఇప్పుడే పువ్వు కనిపిస్తే, అది జిగురుతో అంటించిన కాగితం పువ్వు.

16 సెంటీమీటర్ల కుండీలో అంచుకు, ముళ్లకు మధ్య వేలు పట్టడం లేదు. ఈ ఎండాకాలం రెండో తడికి ముందు, మిశ్రమం పొడిగా ఉన్నప్పుడే 20 సెంటీమీటర్ల కుండీకి మారుస్తాను. వేర్లు విప్పినప్పుడు ఉత్త మొక్కను మళ్లీ తూస్తే ఆ 380లో మొక్క వాటా ఎంతో తేలుతుంది. తొట్టిలోని పిల్లలు ఇప్పుడు బఠాణీ గింజంత ఉన్నాయి. ముళ్లు ఒకదానికొకటి తగిలేదాకా వాటిని కదపను.